మందు కలపని గిన్నె

మా ల్యాబులో నా పని చేపపిల్లల కళ్ళు చూడటం. గుడ్డులో ఉన్న పిండానికి విటమిన్ ఏ సరిపడా అందితే కళ్ళు చక్కగా అమరుతాయి, మోతాదు మించితే అవకతవకగా తయారవుతాయి. ఎంత మించితే ఎంత తేడా వస్తుందో తేల్చడమే నా పరిశోధన. ఒక గిన్నెలో గుడ్లకి ఆ మందు కలుపుతాను, పక్కదాంట్లో ఉత్త నీళ్ళే ఉంచుతాను.

ఆ ఉత్త నీళ్ళ గిన్నే నా కొంప ముంచింది. అందులోనూ పిండాలకి ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది!

"మళ్ళీ మందు డ్రాపర్‌నే ఇందులోనూ ముంచి ఉంటావు," అన్నారు మా ప్రొఫెసర్ మేడమ్. "ఇంకోసారి ఇలా వస్తే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

నాకు ఒళ్ళు మండింది. గిన్నెలు మార్చాను, నీళ్ళు మార్చాను, పాపం ఆ తల్లి చేపల్ని కూడా అనుమానించాను. అయినా అదే తంతు. మేడమ్ సెలవు పెట్టినప్పుడు వేసిన గుడ్లు మాత్రం గుండ్రటి కళ్ళతో నిక్షేపంగా ఎదిగాయి.

మేడమ్‌కి ఒక అలవాటుంది. పొద్దున్నే వచ్చి, "ఇలా ఏరాలమ్మా" అంటూ నా గిన్నెల్లోంచి చచ్చిన గుడ్లని వట్టి వేళ్ళతో ఏరేస్తారు. గ్లవ్స్ వేసుకుంటే గుడ్డు చేతికి తెలియదట. ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఒకరోజు కళ్ళజోడు తీసిమ్మంటే ఆవిడ బ్యాగు తెరిచాను. లోపల ముడతలు పోగొట్టే క్రీము. డబ్బా మీద పెద్దక్షరాలతో విటమిన్ ఏ అని ఉంది. నవ్వాగలేదు. కానీ చెబితే ఆవిడ పరువు పోతుంది, చెప్పకపోతే నా పని.

బజార్లో అదే క్రీము కొన్నాను. మేడమ్ చెయ్యి పెట్టని ఉత్త నీళ్ళ గిన్నెలో గోరంత కలిపి, పిండాలు అవే హెచ్చుతగ్గుల కళ్ళతో ఎదిగాక మేడమ్‌ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

ఆవిడ చూసి తల ఎత్తారు. "ఏం కలిపావు?"

"మీ బ్యాగులో ఉన్న క్రీములాంటిదే, మేడమ్."

తన వేళ్ళకేసి ఒకసారి చూసుకుని వెళ్ళిపోయారు. ఇక నా చాప్టర్ ముగిసిందనుకున్నాను.

మధ్యాహ్నం మీటింగులో అందరికన్నా ముందు ఆవిడే లేచారు.

"ఈ అమ్మాయి తప్పేం లేదు. ఆ కళ్ళు పాడుచేసింది నేను రాసుకునే క్రీము, ఈ వేళ్ళు. ఈ పని తనదే, ఎవరూ అడగొద్దు."

మేడమ్ చెంప తడుముకున్నారు.

"చేపల కళ్ళయితే మార్చేసింది గానీ, నా ముడతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి."