సిమెంటు కింద మూడు వరుసలు

వెంట్‌జెల్ వంశంవాళ్ళకి వంకర అంటే గిట్టదు. కంచె వంకరగా ఉంటే నిద్రపట్టదు, మొక్కజొన్న సాలు వంకరపోతే చర్చిలో తలెత్తుకోలేరు. అలాంటివాళ్ళ శ్మశానంలో తాతముత్తాతలనాటి సమాధిరాళ్ళు తాగుబోతుల్లా తలోపక్కకీ ఒరిగితే ఊరుకుంటారా? మొదటి ప్రపంచయుద్ధానికి ముందెప్పుడో కుటుంబసంఘం పెద్దలు కలిసి ప్రతి రాతినీ నిలబెట్టి మొదలు చుట్టూ సిమెంటు పోసేశారు. రాళ్ళు బుద్ధిగా నిలబడ్డాయి. కొన్నిటికి అడుగున చెక్కిన మాటలు సిమెంటులో మునిగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. జర్మనీ నుంచి అమెరికా వలసొచ్చిన పూర్వీకుల ఆ పాత జర్మన్ చదివేవాళ్ళెవరు గనక?

చదివే మనిషి తర్వాత ఒకతె వచ్చింది. పేరు ఆర్విల్లా. కానీ ఆమె వెంట్‌జెల్ కాదు.

ఆరేళ్ళప్పుడు బీదల ఆశ్రమంవాళ్ళు ఆమెను కోరా వెంట్‌జెల్ ఇంటికి పనిపిల్లగా పంపారు. తిండి పెట్టి, పని నేర్పి, పద్దెనిమిదేళ్ళు రాగానే బయటికి పంపెయ్యాలని ఏర్పాటు. కోరా పంపలేదు, ఆర్విల్లా వెళ్ళలేదు. చలికాలం సాయంత్రాలు కోరా ఆ పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని జర్మన్ బైబిలు చదివించేది. కన్నకొడుకు హార్లన్ మాత్రం గుర్రాలశాలలోకి పారిపోయేవాడు. నలుగురిలో ఆర్విల్లా ఆమెను అమ్మగారూ అనేది. ఇద్దరే ఉన్నప్పుడు అమ్మా అనేది. కోరా రెండింటికీ ఒకేలా పలికేది.

కోరా పోయి ముప్పై ఏళ్ళయింది. ఆర్విల్లా రెడింగ్ ఊళ్ళో మేజోళ్ళ మిల్లులో పనిచేసి, మానేసి, ఒంటిగదిలో ఉంటోంది. పెళ్ళి కాలేదు. పెంచుకున్న పిల్లి కూడా లేదు. ఆమెకున్నది ఒకటే పిచ్చి, వెంట్‌జెల్‌ల వంశచరిత్ర. చిన్నపిల్లవాడిగా ఓడ దిగిన పీటర్ వెంట్‌జెల్ మొదలుకొని నిన్న పుట్టిన పసిగుడ్డు దాకా, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెనే అడగాలి. అంత పెద్ద వంశవృక్షం గీసింది గానీ అందులో ఆమెకు ఒక్క ఆకు లేదు.

ఆ చెట్టు మొదట్లోనే ఒక చిక్కు ఉండిపోయింది. పీటర్ తన తల్లి ఆనా బార్బరాతో, తండ్రితో కలిసి వచ్చాడని ఇంటిల్లిపాదీ చెప్పుకునేమాట. అతను వచ్చిన ఓడ ఏదో తెలుసు. ఆ ఓడ దిగిన మగవాళ్ళ పేర్లలో వెంట్‌జెల్ అనేవాడే లేడు. ఆర్విల్లా ఏళ్ళ తరబడి వెతికి విసిగిపోయింది.

ఏటా ఆగస్టులో చర్చి తోపులో కుటుంబసమావేశం జరుగుతుంది. పీటర్ పిల్లల్లో ఎవరి సంతతి అయితే వాళ్ళకి ఆ రంగు రిబ్బను. పెద్దకొడుకువాళ్ళకి ఎరుపు, రెండోవాడివాళ్ళకి నీలం, అలా. ఆర్విల్లాకు తెలుపు, అంటే అతిథి. ఈ అతిథి అందరికంటే ముందొచ్చి కాఫీ కాస్తుంది, గిన్నెలన్నీ తోమి ఆఖర్న వెళ్తుంది. అతిథులంతా ఇలా ఉంటే ఇంటివాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు.

ఆమె కోరుకున్నది మాత్రం ఒక్కటే. కొండమీద శ్మశానంలో కోరా పక్కన ఒక మనిషికి సరిపడా జాగా ఖాళీగా ఉంది. అందులో పడుకోవాలి. వెంట్‌జెల్ రక్తానికి, పెళ్ళాడి వచ్చినవాళ్ళకి తప్ప అక్కడ చోటివ్వకూడదని సంఘం నియమం. సంఘానికి అధ్యక్షుడు హార్లనే. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "చూద్దాంలే ఆర్వీ" అన్నాడు.

ఆ ఏడు సమావేశానికి ముందు, బొరియలు తవ్వే అడవిజంతువేదో ఆనా బార్బరా రాతి కింద కాపురం పెట్టింది. సిమెంటు పగిలి రాయి వాలిపోయింది. ఇలాంటి పనులు ఎవరి నెత్తిన పడతాయో చెప్పక్కర్లేదు. సమావేశం రోజు పొద్దున్నే ఆర్విల్లా గునపం, నీళ్ళ బకెట్టు, మెత్తటి బ్రష్షు పట్టుకుని కొండెక్కింది. ఊడిన సిమెంటు పెళ్ళలు తీసేసరికి కింద మూడు వరుసలు బయటపడ్డాయి. మట్టి కడిగింది. చదివింది. మళ్ళీ చదివింది. అక్కడే గడ్డిలో కూలబడింది.

మధ్యాహ్నం హార్లన్‌ను చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"ఏంటే ఇది, భోజనాలవేళ ఈ కొండెక్కుడు? బ్యూలా చేసిన కోడిసూపు చల్లారిపోతుంది," అన్నాడు రొప్పుతూ. బ్యూలా అతని భార్య.

"నీ బొజ్జ ఓ గంట ఆగినా చిక్కిపోదులే. చదువుతా, విను."

వేలు ఒక్కో అక్షరం మీదా పెడుతూ చదివి, అర్థం చెప్పింది. "కాపురం ముప్పై ఏళ్ళు. కడుపున ఎవరినీ కనలేదు. ఓడలో కన్నవాళ్ళను పోగొట్టుకున్న పిల్లవాణ్ణి పెంచింది, అతడే ఈ రాయి నిలిపాడు."

హార్లన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే పీటర్..."

"పనిపిల్లవాడు. సగం దారి దాటాక అమ్మానాన్నా చచ్చిపోతే వాళ్ళ ఓడ కిరాయి కూడా పిల్లలే చాకిరీ చేసి తీర్చాలి కదా అప్పట్లో. ఆనా బార్బరా, ఆమె మొగుడూ ఆ బాకీ కట్టి వాణ్ణి రేవులో కొనుక్కున్నారు. వీళ్ళ పేరే వాడికి అంటుకుంది. అందుకే ఆ ఓడలో వెంట్‌జెల్ దొరకలేదు నాకు."

"అందులో అదే రాసుందని నాకేం తెలుసు?"

ఆ మాట ఆమెకు చెంపమీద కొట్టినట్టే తగిలింది. "గుర్రాలశాలకి పరిగెత్తకుండా కూర్చునుంటే తెలిసేది."

"నీ మీద అనుమానం కాదే..." హార్లన్ పక్కరాతికి ఆనుకుని చతికిలబడ్డాడు. "కింద రెండొందలమంది ఉన్నారు. ఒహాయో నుంచి కూడా వచ్చారు. ఆనా బార్బరా రక్తం అని పిల్లలకి చెప్పుకుంటారు. ఇప్పుడు నేను మైకు పట్టుకుని, ఆవిడ మీకేమీ కాదర్రా అనాలా?"

"ఏమీ కాకపోవడమేంటి? పెంచింది!"

హార్లన్ కోరా సమాధివైపు చూశాడు. పాము చావకుండా, కర్ర విరక్కుండా బతకడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. "సరే, ఇలా చేద్దాం. సోమవారం మళ్ళీ సిమెంటు పోయించేస్తా. నువ్వు ఎవరిదగ్గరా నోరెత్తకు. అమ్మ పక్కన జాగా నీదే. కమిటీని నేను చూసుకుంటా."

ముప్పై ఏళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. ఊఁ అంటే చాలు. గొంతుదాకా వచ్చింది కూడా. ఎంత ఆశగా ఉందో ఆమెకే సిగ్గేసింది. కానీ ఎదురుగా ఆ మూడు వరుసలున్నాయి. ఎవరో ఒక పిల్లవాడు పెద్దవాడై, నన్నీమె కనలేదు, పెంచింది, అందరికీ తెలియాలి అని పట్టుబట్టి చెక్కించుకున్నాడు. దాన్ని తనే పూడ్పించి, వెళ్ళి కోరా పక్కన పడుకుంటే ఆమె మొహం ఎలా చూడగలదు?

"నాకొద్దు," అంది.

"ఏదొద్దు?"

"జాగా."

"మతిపోయిందా? ఇది చదవగలిగిన ఆఖరిమనిషివి నువ్వే. నీ తర్వాత రాసుంటే ఎంత, లేకపోతే ఎంత?"

"ఉండనియ్, చాలు. సిమెంటు పోశావంటే మాత్రం, ఒరే, ఇప్పుడే కిందికెళ్ళి మైకులో నేనే చదివేస్తా."

చిన్నప్పుడు తప్ప ఆమె అతన్ని ఒరే అనలేదు. హార్లన్ వెనక్కి తిరిగి కొండ దిగిపోయాడు.

ఆమె ఒక్కతే రాయి నిలబెట్టింది. గునపంతో ఎత్తి, కింద రాళ్ళు దోపి, కంకర దట్టించింది. మూడు వరుసలూ నేలకు పైన ఉండేలా చూసుకుంది. నడుం పట్టేసి కాసేపు లేవలేకపోయింది. కింద తోపులో అందరూ ఎలుగెత్తి పాడుతున్నారు. పాట అయ్యాక ఎవరో ఆర్విల్లా, ఆర్విల్లా అని గట్టిగా పిలిచారు. ఆమె గుండె ఒక్కసారి ఎగిరింది. కాఫీ అయిపోయిందట.

హార్లన్ సిమెంటు పోయించలేదు. జాగా ఊసు కూడా మళ్ళీ ఎత్తలేదు.

ఆకులు రాలడం మొదలయ్యాక ఆర్విల్లా రెడింగ్‌లో పెద్ద శ్మశానం ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనక కుర్రగుమస్తా మర్యాదస్థుడు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"మీవాళ్ళెవరైనా ఇక్కడున్నారామ్మా? వాళ్ళ పక్కన ఖాళీ ఉందేమో చూస్తాను."

"ఇక్కడెవరూ లేరు బాబూ," అంది ఆర్విల్లా. "మావాళ్ళంతా కొండమీద ఉన్నారు."

మావాళ్ళు అనే మాట ఆమె ఇంకో మనిషి ముందు అనడం అదే మొదటిసారి. అతను ఏ కొండ అని అడగలేదు. రోడ్డువైపు గేటు దగ్గర ఒక జాగా ఖాళీగా ఉందని చెప్పి, చూపించడానికి తాళాలు తీసుకుని లేచాడు.