దయచేసి తిట్టండి

“ఆఁ, చాలా బాగుందండీ! అందరూ కులాసా!” అని అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు.

ఫైలమ్మ రిసీవర్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె అడిగింది, చెవి మిషన్ రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారని. పొద్దుట్నుంచి ఇది పదకొండో ఫోను. పదకొండు మందీ బాగుందనే అన్నారు. వాళ్ళలో ఒకావిడైతే పెళ్ళి ఎప్పుడు పెట్టుకున్నారని కూడా అడిగింది.

ఉచితంగా చెవి మిషన్లు పంచే ఆ సేవాసంస్థలో ఆమె చేరి మూడు నెలలు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రి చెవి విభాగంలో కౌంటరు గుమాస్తా. పొట్టి మనిషి, వేగంగా నడుస్తుంది, స్టాంపు సిరా పట్టి కుడి చూపుడువేలు ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. తుమ్మినా ఫైలు తెరుస్తుందని ఆసుపత్రిలో పెట్టిన పేరు ఇక్కడికీ వెంటబడి వచ్చింది.

ఆసుపత్రిలో ఒక మిషను మంజూరు కావాలంటే ఐదు సంతకాలు, ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ జనం వచ్చి బల్ల గుద్ది మరీ తిట్టేవారు. వినపడనివాళ్ళు కదా, వీధి చివరికి వినపడేలా తిట్టేవారు. తిట్టిన ప్రతి ఒక్కరి చేతా ఆమె కాగితం రాయించి, తేదీ ముద్ర వేసి, నంబరిచ్చేది. నంబరు పడ్డ కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాల్సిందే. ఇక్కడ అదంతా లేదు. ఒక్క మధ్యాహ్నంలో మూడొందల మిషన్లు పంచేస్తారు. అడిగిన వస్తువు అడిగిన గంటలో బల్లమీదుంటుంది. మొదటివారం ఆమె నోరు వెళ్ళబెట్టి చూసింది. “ఇన్నాళ్ళూ నేను చేసింది ఉద్యోగమా, కునుకా?” అని ఇంటికెళ్ళి చెల్లెలితో అంది. ఒక్కటే ఆమెకి కొరుకుడు పడలేదు. మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆమెని తిట్టలేదు.

ఎందుకు తిట్టడం లేదో ఇవాళ, పదకొండో ఫోను పెట్టేశాక తెలిసివచ్చింది. లేచి తిన్నగా డైరెక్టరమ్మాయి అద్దాల గదిలోకి వెళ్ళింది.

“మేడమ్, చెవులు వినపడనివాళ్ళకి ఫోన్ చేసి, వినపడుతోందా అని అడుగుతున్నాం మనం.”

డైరెక్టరమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. కంప్యూటరు ముందే తిని, కంప్యూటరు ముందే ఆవలించే పిల్ల. చెడ్డది కాదు. టైపు చేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

“అయ్యో ఆంటీ... తొంభై ఎనిమిది శాతం సంతృప్తి అని రిపోర్టు కూడా రాసేశాను కదా!”

“ఒక్కర్ని చూసొస్తాను. ఒక్కర్నే.”

జాబితాలో మొదటి పేరు ఒక వాచ్‌మన్‌ది. ఐదంతస్తుల భవనం, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ఇనుప గేటు, దాని పక్కన స్టూలు మీద ఆయన. అరవై ఏళ్ళ మనిషి. భుజాల దగ్గర యూనిఫారం వదులు. చెవిలో మిషన్ లేదు. ఫైలమ్మ పలకరించేలోపే వెనక నీలం కారొకటి వచ్చి హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆయన తల తిప్పలేదు. కారాయన దిగివచ్చి, గొణుక్కుంటూ తనే గేటు తోసుకున్నాడు. అప్పుడుగానీ కారుని చూడని వాచ్‌మన్ మొహం ఫైలమ్మకి చూడబుద్ధి కాలేదు.

“మిషన్ ఏదీ?” అని కాగితం మీద రాసి చూపించింది. ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, విప్పి, చెవిలో పెట్టుకున్నాడు. మిషన్ కీచుమని కూసింది. గేటు అవతల నిలబడ్డ ఆమెకి కూడా వినపడింది. లోపలి రబ్బరు తొడుగు ఆయన చెవికి వదులు. పంచినప్పుడు సంస్థ దగ్గర మూడే సైజులున్నాయి, ఆయన చెవికేమో మూడూ సరిపోవు.

“మరి చెప్పలేదేం?” అని మళ్ళీ రాసి చూపించింది.

“ఊరికే ఇచ్చారమ్మా. ఇచ్చినదానికి పేరు పెడతామా? తప్పు కాదూ!” అని, గొంతు తగ్గించాననుకుని గట్టిగా అన్నాడు, “సోమవారం నుంచి రావద్దన్నారు. ఈ వయసులో ఇంకో గేటెవరిస్తారు?”

ఆ రోజు శుక్రవారం.

“నన్ను తిట్టండి!” అని ఫైలమ్మ అరిచింది. ఎదురు కొట్టు ఆవిడ బయటికొచ్చి నిలబడింది. “తిట్టండి బాబూ, రాసుకుంటాను!”

ఆయన రెండు చేతులూ జోడించాడు. ఇక లాభం లేదని ఆమె జాబితా తీసి, ఆయన పేరు మీద వేలు పెట్టి చూపించింది. ‘చాలా సంతృప్తి. వినికిడి పూర్తిగా బాగుపడింది.’ ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఎవరండీ ఇది రాసింది? మూడు నెలలుగా చెవిలో ఈల వేస్తుంటే సంతృప్తా? నా అన్నం పోతోందిక్కడ! ఫోటో కావాలన్నారు, నవ్వమన్నారు, నవ్వాను. ఆ తరవాత ఒక్కరైనా మొహం చూపించారా? సిగ్గుందా మీకు?”

ఆహా! ఎన్నాళ్ళయింది ఆ మాట విని! ఒక్క అక్షరం పోనివ్వకుండా రాసుకుంది ఫైలమ్మ. సంతకం పెట్టించుకుంది. సంచిలోంచి తేదీ ముద్ర తీసి అక్కడే గేటు స్తంభం మీద ఆనించి కొట్టింది. నంబరు ఒకటి.

కాగితం చదివి డైరెక్టరమ్మాయి చిన్నబోయింది. “నాతో చెప్పొచ్చు కదా ఆయన!”

“ఎలా చెప్తాడమ్మా? అక్కడ నేను జీతం తీసుకునేదాన్ని, గల్లా పట్టుకుని అడిగేవారు. ఇక్కడ మనం ఇచ్చేవాళ్ళం. మనకి దండం పెడతారు, అంతే.”

ఆ పిల్ల కంప్యూటరు ఆపేసింది. తరవాత కారు తాళాలు తీసింది. ఇక్కడ దేనికీ ఐదు సంతకాలు అక్కర్లేదు మరి. “ఎక్కడికెళ్ళాలో చెప్పండి ఆంటీ.”

గేటు దగ్గర ఎదురు కొట్టావిడని కూర్చోబెట్టి, వాచ్‌మన్‌ని ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. చెవికి కొలత తీసి అచ్చుపోసే మాస్టారు కింది గదిలో ఉంటాడు. తలెత్తకుండానే, “వచ్చే నెల పదిహేను తరవాత రండి,” అన్నాడు. ఫైలమ్మ ముద్రపడ్డ కాగితం ఆయన ముక్కు కింద పెట్టింది.

“దీనికి జవాబు రాసిస్తావా, అచ్చు పోస్తావా?”

“రిటైరైంది, పీడా వదిలిందనుకున్నాను!”

“నువ్వు రిటైరయ్యేదాకా వదలను.”

మాస్టారు నవ్వుకుంటూనే మెత్తటి ముద్ద కలిపి ఆయన చెవిలో పెట్టాడు. గట్టిపడ్డాక తీసి, చెక్కి, నున్నగా అరగదీసి, గొట్టం తగిలించాడు. గంటన్నర పట్టింది. ఎనిమిది నెలల పని గంటన్నరలో అవుతుందని ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ తెలియనందుకు ఫైలమ్మకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. నీలం కారు మలుపు తిరిగి సగం హారన్ కొట్టిందో లేదో, గేటు బార్లా తెరుచుకుంది. కారాయన బ్రేకు వేసి వింతగా చూశాడు.

“ఇంకోసారి కొట్టండి సార్,” అన్నాడు వాచ్‌మన్.

ఆయన కొట్టాడు. రోడ్డవతల తన కారులోంచి డైరెక్టరమ్మాయి కూడా కొట్టింది, ఆగకుండా కొట్టింది. భవనంలో అందరూ వరండాల్లోకి వచ్చి చూశారు. వాచ్‌మన్ చెవి మీద చెయ్యి వేసుకుని, “చాలమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి!” అని అరిచాడు. “సోమవారం కూడా గేటు నువ్వే తియ్యాలి,” అన్నాడు కారాయన. గెలిచాం, అనుకుంది ఫైలమ్మ.

ఆ తరవాత ఫోన్లు చెయ్యడం మానేశారు. మిషన్ ఇచ్చిన నెలకి మనిషి ఇంటికి వెళ్ళడం మొదలైంది. అచ్చుల మాస్టారు రిటైరవగానే ఇక్కడికే వచ్చాడు. సంస్థ గుమ్మం మీద ‘దయచేసి తిట్టండి’ అని డైరెక్టరమ్మాయే బోర్డు పెట్టించింది. మొదటి ఏడాది నాలుగొందల పన్నెండు ఫిర్యాదులు. సంతృప్తి అరవై ఒక్క శాతానికి పడిపోతే, ఆ అంకెనే రిపోర్టు మొదటి పేజీలో వేసింది. సొరుగుల్లో పడి ఉన్న మిషన్లు మాత్రం ఒక్కటొక్కటే చెవులెక్కాయి.

ఫైలమ్మ ఇంకో ఆరేళ్ళు పనిచేసింది. ఒక మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ లేవలేదు. పొద్దుట టపా అంతా ముద్రలు కొట్టేసి పక్కన పేర్చి ఉంది. ఒక్క ఉత్తరం మిగిలింది.

అది బల్ల మధ్యలో మడత విప్పి ఉంది. గీతల కాగితం మీద లావాటి అక్షరాలు: ‘మీ మిషన్ బాగా పనిచేస్తోంది. అదే నా ఫిర్యాదు. ఇరవై ఏళ్ళ తరవాత మా ఆయన మధ్యాహ్నపు గురక వినపడుతోంది. వారంలోగా జవాబు రాకపోతే నేనే వచ్చి తిడతాను.’