బావగారి మరమ్మతు

ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చిన ఆర్చులేటా కుటుంబం భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఎదురుచూస్తోంది. పంది మాంసం, మొక్కజొన్న గింజలు వేసి ఉడికించిన పొసోలే మీద కొవ్వు పేరుకుపోతోంది. గుడ్డలో చుట్టిన రొట్టెలు గట్టిపడుతున్నాయి. పచ్చిమిరప కారం మీద ఈగలు వాలకుండా డెల్ఫీనా చేత్తో విసురుతూ కూర్చుంది. తినడానికి అందరూ సిద్ధమే, ఒక్క బావగారు తప్ప. బావగారు ఎలాడియో వంటింటి సింకు కింద దూరి, కాళ్ళు మాత్రం బయటికి చాపి, లోపల పైపుతో కుస్తీ పడుతున్నాడు.

"అమ్మాయ్, ఇంకో గుడ్డపేలిక ఇలా పడెయ్!"

"అన్నయ్య ఉండగా మనకేం లోటు!" అన్నాడు డెల్ఫీనా భర్త రొసెందో, దొంగచాటుగా రొట్టె అంచు తుంచుకుంటూ.

డెల్ఫీనా చేతికందిన గుడ్డ ఇచ్చింది. అది ఆమె కొత్త దిండు గలీబు అని తర్వాత చూసుకుంది. కాసేపటికి ఎలాడియో మోచేతులదాకా నల్లటి జిడ్డుతో బయటికి వచ్చి, యుద్ధం గెలిచినవాడిలా నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"అయిపోయింది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. మన మనవల కాలం దాకా చూసుకోనక్కర్లేదు."

"మీ చేతి చలువ, బావగారూ," అంది డెల్ఫీనా పళ్ళ బిగువున. ఆయన వెనక సింకు కింద అప్పుడే మళ్ళీ చుక్క పడింది. ఆమె విన్నది. రొసెందో విన్నాడు. బల్ల చివర కూర్చున్న అత్తగారు రెఫూహియో కూడా విన్నది. అందరూ పొసోలే వడ్డించుకున్నారు.

చూసేవాళ్ళకి ఇది ముచ్చటైన కుటుంబమే. అన్నదమ్ములు కలిసి ఉంటారు, కోడలు అత్తగారిని కంటికి రెప్పలా చూసుకుంటుంది, పెద్దకొడుకు పిలిస్తే చాలు పానా పట్టుకుని వచ్చేస్తాడు. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ ఇంటికి పట్టిన చీడ ఆ బల్ల దగ్గరే కూర్చుని, అందరితోపాటు నవ్వుతూ భోంచేస్తోంది.

ఎలాడియో చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఇంత తంటా లేకపోయేది, ఏనాడో తగువు పెట్టుకుని తలుపు వేసుకునేవాళ్ళు. ఆయన లా మెసితా ఊరికి చాలాకాలం కాలువ పెద్దగా ఉన్నాడు. వసంతంలో పై ఆనకట్ట నుంచి రియో గ్రాండే నదికి నీళ్ళు వదిలినప్పుడు ఎవరి మిరపతోటకి ముందు, ఎవరి పీకన్ కాయల చెట్లకి తర్వాత అన్నది ఆయన మాట మీదే నడిచేది. మా లోయలో పొలాలకి నీళ్ళంటే కాలువ నీళ్ళే, మిగతా నెలల్లో నది అంతా ఇసుకే. అందుకని కాలువ నీళ్ళు ఎవరి మాట వింటాయో కుళాయి నీళ్ళు కూడా వాళ్ళ మాటే వింటాయని మావాళ్ళకో గట్టి నమ్మకం. పైపు కారిందా, కాలువ పెద్దని పిలు! దానికి తోడు ఆయన డెల్ఫీనా కూతురికి జ్ఞానతండ్రి. బిడ్డకి జ్ఞానస్నానం నాడు పక్కన నిలబడినవాడితో పేచీ పెట్టుకోవడం మా దగ్గర పాపం కింద లెక్క.

ఇల్లు తాతల నాటిది, ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కట్టినది. ఆ తర్వాతెప్పుడో గోడల్లో ఇనప పైపులు పెట్టారు. బావి నీళ్ళలోని సున్నం ఆ పైపుల్లో గడ్డకట్టి దారి మూసేసింది. ఎలాడియో పైపు తుప్పుపట్టిన చోటల్లా ఎక్కడో మిగిలిన రాగి పైపు ముక్క తెచ్చి నేరుగా ఇనుముకి బిగించేవాడు. రాగి తగిలిన చోట ఇనుము ఇంకా తొందరగా చిల్లులు పడేది. గోడకి చెమ్మ కనిపిస్తే దాని మీద సిమెంటు పూత పూసేవాడు. చెమ్మ ఇంకో జానెడు పైకి ఎక్కేది. ఆయన ఇంకో జానెడు సిమెంటు పూసేవాడు.

అలా చెమ్మ, సిమెంటు పోటీపడి ఎక్కుతూ రెఫూహియో పడుకునే గదికి చేరాయి. ఆమె మంచం తలాపు ఆ గోడకే ఆనించి ఉంటుంది. ముసలమ్మ రోజూ పొద్దున్నే లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి వాసన చూసుకుని, కొంగుకి తుడుచుకుని, దగ్గుకుంటూ వంటింట్లోకి వచ్చేది. ఆ దగ్గు వింటే డెల్ఫీనాకి కడుపు రగిలిపోయేది.

"పట్నం నుంచి ప్లంబర్ని పిలుద్దాం," అంది మొగుడితో.

"పిలిచి? అన్నయ్యకేం చెప్తావ్?"

"పైపులు కారుతున్నాయని చెప్తా."

"కారేవన్నీ ఆయన బిగించినవే కదే!"

"అందుకే కదయ్యా పిలుస్తానంటున్నది!"

"నీకు చెప్పినా అర్థం కాదు. మన పాపకి జ్ఞానస్నానం నాడు దీపం పట్టుకుని నిలబడ్డ మనిషి."

"దీపం పట్టుకున్నవాడు దీపం పట్టుకుంటే చాలదూ? పానా కూడా ఆయనే పట్టుకోవాలా?"

రొసెందో టోపీ పెట్టుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా అతనికి చెట్లకి నీళ్ళు పెట్టాలని గుర్తొస్తుంది.

గోడ మీద తెల్లటి ఉప్పు పొరలు పొరలుగా పొంగి, అత్తగారి దుప్పటి మీద రాలడం మొదలుపెట్టాక డెల్ఫీనా ఇక ఆగలేదు. ఎలాడియో పన్ను పీకించుకోవడానికి సరిహద్దు దాటి మెక్సికోలోని హువారెజ్ వెళ్ళే రోజు తెలుసుకుని, ఆ పొద్దుటికే బెనీల్డే అనే ప్లంబర్ని రమ్మంది. పాత ఇళ్ళ పైపులు బాగుచెయ్యడంలో ఆమెకి పేరుంది. నోరు కూడా పేరున్నదే.

"మీకు దండం పెడతాను, బండి కాస్త పెరట్లో చెట్ల వెనక పెట్టండి," అంది డెల్ఫీనా ఎదురెళ్ళి.

బెనీల్డే కిటికీలోంచి ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవరు? మామా? బావా?"

"బావగారు."

"పోయినవారం పక్క వీధిలో మేనమామ. అంతకుముందు ఇంకెవరో వేలువిడిచిన తమ్ముడు. ఈ లోయలో నన్ను ముందు గుమ్మంలోంచి పిలిచేవాళ్ళే లేరు. దొంగసారా అమ్మేవాడికి నాకంటే మర్యాద ఎక్కువ!" అంటూనే బండి వెనక్కి పోనిచ్చింది.

ఆమె ముందు సింకు కింద దూరింది. ట్యూబు ముక్కలు, తీగలు, దిండు గలీబు ఒక్కొక్కటే విప్పి నేల మీద పరిచింది. రెఫూహియో గదిలోకి వచ్చి మంచం పక్కకి జరిపించింది. గోడ మీద వేళ్ళతో తడుతూ వెళ్ళి ఒకచోట ఆగి, ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. సిమెంటు పూత పెంకులా ఊడి కింద పడింది. దాని వెనక ఇటుక లేదు. ఇటుక ఉండాల్సినచోట నానిన మట్టి ఉంది. బెనీల్డే చొక్కా చెయ్యి మడిచి ఆ మట్టిలోకి చెయ్యి దోపితే మోచేతిదాకా దిగిపోయింది. సరిగ్గా ముసలమ్మ దిండు ఉండే చోటు అది.

డెల్ఫీనా వంగి ఆ కంతలోకి చూసింది. తోటలోంచి వచ్చిన రొసెందో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పైన కప్పు దూలాలు దేని మీద నిలబడ్డాయో నాకైతే తెలీదు," అంది బెనీల్డే. "బహుశా మీ దేవుడి మీద. ముందు ఈ మంచం బయటికి తియ్యండి. ఈ గదిలో ఇక ఎవరూ పడుకోకూడదు. మట్టి గోడ తడిస్తే తప్పులేదమ్మా, ఆరుతుంది. మీరు దాన్ని ఆరనివ్వలేదు. సిమెంటు పూసి ఊపిరాడకుండా చేశారు."

"మట్టి పూతయితే తడి బయటికొచ్చి ఎండకి ఆరిపోయేది," అని గొణిగింది రెఫూహియో.

"మీకు తెలుసా మామ్మా ఆ సంగతి?"

"తెలియకేం! గోడ కట్టడం మగాళ్ళ పని, పూత పూయడం మా ఆడవాళ్ళ పని. సగం ఊరి గోడలు ఈ చేతుల్తోనే పూశాను."

"మరి చెప్పలేదేం?"

ముసలమ్మ జపమాల సవరించుకుంది.

మంచం పెరట్లోకి మోస్తుండగా గేటు చప్పుడైంది. ఎలాడియో! బండి త్వరగా దొరికిందో, పన్ను త్వరగా ఊడిందో, అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. చెంప బూరెలా పొంగి ఉంది. అమ్మకి మెత్తటి రొట్టెలు తెచ్చి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఏవిటిది? ఈవిడ ఇక్కడెందుకు?"

"చర్చి నుంచి వచ్చారన్నయ్యా," అన్నాడు రొసెందో గబుక్కున. "అమ్మని చూసి పోదామని."

బెనీల్డే భుజాన పెద్ద పైపు రెంచి ఉంది, మోచెయ్యిదాకా మట్టి ఉంది. ఆ క్షణంలో డెల్ఫీనాకి మొగుడి మీద, బావగారి మీద, తన మీద, ఇన్నేళ్ళుగా తన నోటితోనే అన్న చేతి చలువల మీద ఒక్కసారిగా విసుగు పుట్టుకొచ్చింది.

"చర్చీ లేదు, గిర్చీ లేదు. ఈవిడ ప్లంబరు. నేనే పిలిచాను. బావగారూ, మీకు పైపుల పని రాదు. మీ మనసు మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ మీరు ముట్టుకున్న ప్రతిదీ కారింది. లోపలికెళ్ళి చూడండి, అత్తయ్య తల దగ్గర గోడ లేదు, బురద ఉంది!"

ఎలాడియో లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెరట్లో మంచం మీద కూలబడ్డాడు. అందరూ ఆయన అరుస్తాడనుకున్నారు. ఆయన అరిచాడు కూడా.

"ఇదేదో ముందే అనలేకపోయావా అమ్మాయ్? ఆదివారమొస్తుందంటే పానా ఎక్కడైనా పారేద్దామా అనిపించేది! ఒక్కరైనా వద్దంటారేమో, ఈసారైనా వద్దంటారేమో అని చూశాను. కాలువ నడిపినవాడివి నీకు కుళాయి రాదా అని మీరే అంటిరి. బిగించినప్పుడల్లా చేతి చలువ, చేతి చలువ అని మీరే పొగిడితిరి. నాకు రాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బెనీల్డే ఆయన్ని ఇందాకటినుంచీ తేరిపార చూస్తోంది. "ఆగండాగండి. ఈయనేనా మీ బావగారు? చెంప వాచి పోల్చుకోలేకపోయాను. ఈయనింట్లో పైపులన్నీ మార్చింది నేనే కదమ్మా! నా బండి గాదె వెనక పెట్టించాడు, తమ్ముడు వాళ్ళు చూస్తారని!"

డెల్ఫీనా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "మీ ఇంటికి ప్లంబరా? మా ఇంటికి సైకిల్ ట్యూబా?"

"ఈవిడని పిలవండి అని చెబితే నాకు రాదని ఒప్పుకున్నట్టే కదా!"

"అన్నయ్య నొచ్చుకుంటాడని నేనూ..." అని మొదలుపెట్టాడు రొసెందో.

"చాల్లే, నోళ్ళు ముయ్యండి!"

అరిచింది పెరటి గడప మీద కూర్చున్న రెఫూహియో. ఆ ఇంట్లో ఎవరూ ఆమె గొంతు అంత పెద్దగా వినలేదు. ముసలమ్మ కర్ర ఊతం లేకుండానే లేచి నిలబడింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా కోపం తగ్గలేదు.

"గోడ చస్తోందని అందరికంటే ముందు నాకు తెలుసు. పెద్దోడి మనసు కష్టపడుతుందని నోరు నొక్కుకున్నా. కోడలికి తెలుసు, మర్యాదకి పోయింది. చిన్నోడికి తెలుసు, చెట్లకి నీళ్ళు పెట్టుకున్నాడు. చేసేవాడికే తెలుసు తనకి రాదని! ఆ గోడ నా తల మీద పడితే ఏం చేసేవాళ్ళురా? నలుగురూ కలిసి మంచి శవపెట్టె కొనేవాళ్ళు. బాగా ఏడ్చేవాళ్ళు. అప్పుడు కూడా పెద్దోడు నొచ్చుకోకుండా, తప్పు గోడదే అని ఊరందరికీ చెప్పుకునేవాళ్ళు!"

ఎలాడియో పొంగిన చెంప మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. డెల్ఫీనా వెళ్ళి అత్తగారిని పట్టుకుంది. ముసలమ్మ కోడలి చెయ్యి విదిలించలేదు, కానీ మాట ఆపలేదు కూడా.

"ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం. అదే మన ఖర్మ. మొహమాటాన్ని ప్రేమనుకుని ఇన్నేళ్ళూ గోడకి పూస్తూ వచ్చాం. ఇక విను పెద్దోడా, మీరంతా వినండి. అయినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని నిజాన్ని దాచుకుంటూ పోతే, ఆఖరికి ఇల్లు కూలేది ఆ అయినవాళ్ళ నెత్తినే."