శ్యామలాంబ గారి మోచేతి మడత

తార్నాకలో వైదేహి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో తెల్లవారగానే పాలవాడొస్తాడు, పేపరువాడొస్తాడు, ఆ వెనకాలే శ్యామలాంబ గారి చేతికట్టు విప్పడం చూడటానికి ఎవరో ఒకరు వస్తారు. శ్యామలాంబ వైదేహికి మేనత్త. రైల్వే ఆఫీసులో లెక్కలు చూసి చూసి రిటైరై, తమ్ముడు, అంటే వైదేహి నాన్న, కొండలరావు ఇంట్లో ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు. ఆమె ఎడమ మోచేతి మడతలో ఏ సంగతైనా చీటీ రాసి పెట్టి గుడ్డ కట్టారంటే, మర్నాటికి తేలిపోతుంది. చెడ్డదైతే అక్కడ ఎర్రగా దద్దురు లేస్తుంది. కాకపోతే చర్మం మామూలుగానే ఉంటుంది.

ఇందులో వింతపడాల్సింది ఏముందని ఎవరికీ తోచలేదు. నీళ్ల ట్యాంకరు సంగతి వాచ్‌మన్‌ని అడిగినట్టే, పిల్లాణ్ని ఏ కాలేజీలో వెయ్యాలో శ్యామలాంబ గారి చేతిని అడిగేవాళ్లు. మూడో అంతస్తు వాళ్ల ఫ్రిజ్జు, విద్యానగర్ పెద్దాయన మోకాలి ఆపరేషను, వచ్చిన సంబంధాలు, పోయిన సంబంధాలు, అన్నీ ఆ మడతలోంచి వెళ్లినవే. అందరికంటే ఎక్కువ వాడుకున్నవాడు కొండలరావు. ఒకసారి ఊరి చివర ఆయన స్థలం కొనబోతే అక్కగారి చెయ్యి భుజం దాకా వాచిపోయింది. ఆయన మానుకున్నాడు. ఆ వానాకాలం ఆ స్థలంలో బాతులు ఈదుతుంటే ఇంటిల్లిపాదీ ఆటో కట్టించుకుని వెళ్లి మరీ చూసొచ్చారు. సంగతి ఎవరిదైనా గోక్కునేది మాత్రం నేనే కదా అని శ్యామలాంబ నవ్వేది. ఆ మాట మీద ఎవరూ పెద్దగా ఆగలేదు.

వైదేహి క్యాంపస్‌లో ఎమ్‌సీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మాణికేశ్వర్ నగర్ నుంచి నడుచుకుంటూ క్లాసుకొచ్చే వాసంతి ఆమెకు ప్రాణస్నేహితురాలు. వాసంతి ఇంటర్లో ఉండగా, తెల్లబడతావని ఎవరో చెబితే నమ్మి, ఏదో క్రీము రాసి రాసి ముఖం కాల్చుకుంది. అది మానడానికి రెండేళ్లు పట్టింది. అందుకే, చర్మం గురించి ఓనమాలు కూడా రానివాళ్లకు నేర్పే యాప్ ఒకటి చెయ్యాలన్న ఆలోచన ఆమెకే వచ్చింది. అందులో తెల్లబడటం అన్న మాట ఎక్కడా కనపడకూడదని మొదటిరోజే షరతు పెట్టింది. అమ్మలు పొద్దున్నే అడిగే ప్రశ్ననే దానికి పేరుగా పెట్టుకున్నారు: ‘మొహం కడుక్కున్నావా’.

క్యాంటీను వెనక చెట్ల కింద కూర్చుని ఒక్కో స్క్రీనూ ముందు కాగితం మీద గీసుకునేవాళ్లు. కడుక్కోవడం, తేమకు క్రీము రాసుకోవడం, ఎండలోకి వెళ్లే ముందు సన్‌స్క్రీన్. ఇంతకుమించి మొదటి నెల్లో ఏమీ నేర్పకూడదని ఒప్పందం. హాస్టలు పిల్లలకు చూపిస్తే వాళ్లు సీరమ్ పేర్లు మేనత్తల పేర్లంత చనువుగా చెప్పేస్తున్నారు.

“గీళ్లతోని అయితలేదే,” అంది వాసంతి. “మనకు ఏం తెల్వనోళ్లు గావాలె. సబ్బు దప్ప ఇంకోటి ముట్టనోళ్లు.”

వైదేహికి వెంటనే అత్తయ్య గుర్తొచ్చింది.

ఆదివారం వాసంతి ఇంటికొచ్చి ఫోను శ్యామలాంబ చేతికిచ్చింది. మీ చర్మం ఎలాంటిది, జిడ్డుదా, పొడిదా, రెండూనా అని యాప్ అడిగింది. శ్యామలాంబ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు ఆలోచించింది.

“నాకెలా తెలుస్తుందే?” అంది చివరికి. “దాని మీద ఎప్పుడూ ఊళ్లోవాళ్ల సంగతులే ఉంటాయి.”

వాసంతి నవ్వబోయి ఆగిపోయింది. మర్నాడు ఆ ప్రశ్న తీసేసి, ముఖం కడిగి కాసేపు ఊరికే కూర్చోండి, ఎలా ఉందో అప్పుడు చెప్పండి అని రాసింది. ఆ తర్వాత శ్యామలాంబ వేలు ఎక్కడ తడబడితే అక్కడల్లా మార్చుకుంటూ వచ్చారు. ఆమె మాత్రం యాప్‌ని ఆఫీసు సర్క్యులర్‌లా పాటించింది. ఎరుపు ఉంటే అన్నీ ఆపండి, చర్మాన్ని కొన్ని వారాలు వదిలేయండి అన్న పాఠం రాగానే చీటీలు కట్టడం ఆపేసింది. గుమ్మంలోకొచ్చిన వాళ్లందరికీ ఒకటే జవాబు: యాప్ వద్దంది. మూడో అంతస్తు వాళ్లు వాషింగ్ మెషీన్ ఎవరినీ అడక్కుండా కొనుక్కుని, తిరుగుతున్నంతసేపూ దాని పక్కనే కాపలా కూర్చున్నారు. నెల తిరిగేసరికి ఆ మోచేతి మడత నున్నగా, లేత గోధుమరంగులోకి వచ్చింది. దాన్ని అలా చూసినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే వైదేహికి చిక్కొచ్చిపడింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఉద్యోగమిస్తానంది. అదే వారం, కొత్తగా సంస్థ పెట్టుకునేవాళ్లకు క్యాంపస్‌లో ఇచ్చే గది ఒకటి వీళ్ల యాప్‌కు దక్కింది. అయితే ఇద్దరూ ఏడాదిపాటు ఇంకే పనీ చెయ్యకూడదు. వైదేహి రాకపోతే గది లేదు, గది లేకపోతే వాసంతి ఏదో ఒక కాల్ సెంటర్లో చేరిపోవాల్సిందే. రెండుచోట్లా సోమవారంలోగా మాటివ్వాలి. కొండలరావు ఉద్యోగం వైపే ఉన్నాడు. ఒక్క రాత్రికి కట్టక్కయ్యా, దీనికి మాత్రం యాప్ ఏమీ అనుకోదులే అని అక్కగారి చుట్టూ తిరిగాడు.

నిజం చెప్పాలంటే వైదేహికీ అదే కావాలి. చెయ్యి మంచిదంటే నాన్నకు ఎదురు చెప్పొచ్చు. వద్దంటే వాసంతికి ముఖం చూపించొచ్చు, తప్పు తనది కాదు కాబట్టి. ఆదివారం మధ్యాహ్నం ‘యాప్’ అని చీటీ రాసుకుని, పిడికిట్లో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది.

శ్యామలాంబ ఫోను చూస్తూ కూర్చుంది. ఒక్క స్క్రీను దగ్గరే ఆగిపోయింది. ఎవరైనా అలా ఆగితే రాతలో ఏదో లోపముందనుకోవడం వైదేహికి అలవాటైపోయింది.

“ఎక్కడ ఆగావత్తయ్యా?”

శ్యామలాంబ వేలు పెట్టి చూపించింది. కొత్తదేదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోమనే పాఠం అది. దాని చివర వాసంతి రాసిన వాక్యం: ‘ముందే ఎర్రబడిన చోట ఈ పరీక్ష పెట్టకండి. మంచిది కూడా చెడ్డదిలా కనిపిస్తుంది.’

“ఇది నిజమేనా?”

నిజమేనని, వాసంతికి డాక్టరే చెప్పిందని వైదేహి అంది. శ్యామలాంబ ఫోను ఒళ్లో పెట్టుకుని, చాలా మామూలుగా, ఆఫీసు సంగతి చెప్పినట్టే చెప్పుకొచ్చింది. ఇన్నయ్య గారని తన సెక్షన్‌లోనే పనిచేసేవాడు. టిఫిను పంచుకునేవాళ్లు. ఒకరోజు పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. ఆయన పేరు రాసి చేతికి కట్టుకుంది. వైదేహి తల్లి స్వరూప సంబంధం కుదరకముందు, కొండలరావుకు పెళ్లికూతుళ్ల ఫోటోలు వరసగా వస్తున్న రోజులవి. ఫోటో తర్వాత ఫోటో ఆ చేతికే కడుతున్నారు.

“ఎరుపు తగ్గనే లేదే. ఆ ఎరుపు మీదే కట్టాను. పొద్దున్న చూసి, వద్దని చెప్పేశాను. ఎందుకని కూడా అడగలేదాయన.”

ఆయనా చేసుకోలేదట. గోల్నాకలో ఒక్కడే ఉంటాడట. పెన్షను కాగితాలివ్వడానికి ఏటా నవంబరులో బ్యాంకుకెళ్తే, పక్కన కుర్చీలో సంచీ పెట్టి ఈమె వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వడట. ఈ చెయ్యి పట్టుకునే పెరిగింది వైదేహి, ఆ చేతికి సొంత సంగతి ఒకటి ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

శ్యామలాంబ ఆమె పిడికిట్లోని చీటీ చూసింది. చెయ్యి చాపింది.

“ఇటివ్వు. ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఇప్పుడు చెప్పేది నమ్మొచ్చు.”

వైదేహి ఆ చేతి వంక చూస్తూ నిలబడింది. తన చీటీకి ఎర్రబడితే మళ్లీ వారాలు. ఎర్రబడకపోతే రేపు నాన్న చీటీ, ఎల్లుండి మూడో అంతస్తు. అత్తయ్య వంతు ఇక రాదు. ఇవ్వాలనే ఉంది, ఎంతగానో ఉంది. చీటీని చింపేసింది.

“నాది వద్దు. ఆయన పేరు రాయి.”

“మరి రేపు నువ్వు మాటివ్వాలి కదే?”

“తెలీకుండానే ఇస్తాను,” అంది వైదేహి.

సోమవారం పొద్దున్న కొండలరావు కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు, కట్టులో ఉన్నది ఉద్యోగం చీటీయే అనుకుని. వైదేహిని క్యాంపస్‌కు తీసుకెళ్లడానికొచ్చిన వాసంతి గుమ్మంలోనే నిలబడింది. స్వరూప కట్టు విప్పింది. ఎరుపు లేదు. కానీ మామూలుగానూ లేదు. మడతలో మొదలై ముంజేతి పొడవునా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అందరూ చూస్తుండగానే ఆ పులకరింత భుజం మీదుగా మెడదాకా పాకింది. వద్దనడం, ఊరుకోవడం తప్ప ఆ చేతికి ఇంకో మాట వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

“చలేమన్న పెడ్తుందా ఆంటీ?” అని వాసంతి మెల్లగా అడిగింది. లేదంది శ్యామలాంబ.

కొండలరావు కింద పడిన చీటీ తీసి చదివాడు. “ఇన్నయ్యెవరు?”

“అప్పుడూ కట్టానురా ఈ పేరు,” అంది శ్యామలాంబ. “నీ ఫోటోల మంట తగ్గకముందు.”

ఆయన చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. తను ఉద్యోగంలో చేరడం లేదని వైదేహి అప్పుడే చెప్పేసింది.

“చెయ్యేమంది?” అన్నాడాయన, అలవాటు కొద్దీ.

“అడగలేదు నాన్నా.”

ఆయన కూతురి వంక చూశాడు, అక్క చేతి వంక చూశాడు. వద్దని మాత్రం అనలేదు. గ్లాసు కింద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, ఆ ఇన్నయ్య గారి నంబరు ఎక్కడైనా రాసిపెట్టావా అక్కయ్యా అని అడిగాడు.

“రాసుకోవడమెందుకురా, నోటికొచ్చు,” అంది శ్యామలాంబ.

ఆమె ఒక్కో అంకే చెబుతుంటే కొండలరావు నొక్కుకుంటూ వెళ్లి, ఫోను ఆ చేతిలోనే పెట్టాడు. గోల్నాకలో అవతల ఎవరో వెంటనే ఎత్తారు.

“ఇన్నయ్య గారూ, నేను శ్యామలని,” అందామె. “అప్పుడు మీకు తప్పు చెప్పానండీ.”