గరువుపాలెంలో ఆగిన బండి

గూడ్సు చివరి పెట్టె దాటిపోగానే శౌరమ్మ పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని, వించి పిడిని రెండు చేతులా అందుకుంది. ముప్పై రెండు చుట్లు తిప్పితే గేటు పైకి లేస్తుంది. మొదటి పాతిక చుట్లే బరువు. ఇరవై రెండేళ్లుగా ఆ పాతిక చుట్లూ తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. జాకెట్లు కుట్టే మాణిక్యం ప్రతిసారీ ఆ భుజాన్ని విడిగా కొలుచుకుంటుంది.

గేటు లేచింది. పాల క్యాన్ల మోటారు సైకిలు ఒకటి బురద చిమ్ముతూ పట్టాలు దాటింది. తెల్లవారుజామున ఒక్క పెట్టున కురిసి వెలిసిన వాన. పట్టాల పక్క కంకర ఇంకా మెరుస్తోంది. గేటు పక్క గది గోడ మీద గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది.

జూన్ నెలాఖరు సోమవారం అది. శౌరమ్మకి ఉద్యోగంలో ఆఖరి రోజు. గేటుకి కూడా ఆఖరి రోజే. రెండు వందల గజాల అవతల పట్టాల కిందుగా కొత్త దారి వేశారు కాబట్టి మధ్యాహ్నం నుంచి గేటుకి శాశ్వతంగా తాళం పడుతుంది. గుడివాడ నుంచి బెజవాడకి కొత్తగా వేసిన లోకల్ బండి గరువుపాలెంలో ఆగడం కూడా ఇవాళే మొదలు. నిన్న ప్రారంభోత్సవం బండి పూలదండలతో, బ్యాండు మేళంతో వచ్చి, ఫొటోలు దిగి వెళ్లింది. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేవాళ్ల కోసం వచ్చే బండి మాత్రం ఇవాళ ఆరూ పన్నెండుది.

ఆమె మనిషి పొట్టి. నెరిసిన జుట్టు చిన్న ముడి. చీర మీద మెరిసే పట్టీల నారింజ రంగు కోటు, మెడలో నల్లదారానికి మరియమాత పతకం. నడిచేటప్పుడు ఎవరో పిలుస్తున్నట్టు తల కాస్త పక్కకి వాల్చి నడుస్తుంది. అది వినికిడి లోపం కాదు, బండి చప్పుడు కోసం చెవి ఒగ్గడం అలవాటైపోయింది.

ఆమె భర్త ట్రాక్‌మేన్‌గా చేసేవాడు. ఒక పొగమంచు పొద్దున ఇదే గేటు కర్ర కింద నుంచి వంగి దాటబోయి బండి కింద పడ్డాడు. అతని ఉద్యోగం బదులు ఆమెకి గేటు కాపలా ఉద్యోగం ఇచ్చారు. అప్పటి నుంచి వేసిన గేటు కింద ఆమె ఎవర్నీ దూరనివ్వలేదు. సర్పంచి దూరబోతే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది. “తర్వాత నన్ను తిట్టండి. ముందు మీరు బతికుండండి,” అంది.

ప్లాట్‌ఫారం మీద జోయెల్ అటూ ఇటూ నడుస్తున్నాడు. కొత్త స్టాపులు ఎక్కడెక్కడ కట్టాలో సర్వే చేసిన ఇంజనీరు అతను. తెల్లారకముందే బెజవాడ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది.

మూడేళ్ల కిందట మ్యాపు చుట్ట పట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు, స్టాపు ఇక్కడ కాదు, రెండు కిలోమీటర్ల అవతల కొత్త ప్లాట్ల వెంచరు దగ్గర అని నిర్ణయమైపోయి ఉంది. అతను మంచినీళ్లడిగాడు. ఆమె ఇచ్చి, ఊరుకోలేక అడిగింది.

“అక్కడ ఎవరెక్కుతారు సార్?”

“ఇళ్లు వస్తాయి కదమ్మా. జనం వస్తారు.”

“వచ్చే జనం సంగతి సరేగానీ, ఉన్న జనం మాటేంటండీ? పొద్దున నా గేటు దాటి బస్సుకి వెళ్లేవాళ్లు నూట అరవై మంది పైనే. బెజవాడ వన్ టౌన్ బట్టల షాపుల్లో చేసే ఆడపిల్లలు ముప్పై ఎనిమిది మంది. ఆస్పత్రుల్లో ఆయాలు పదకొండు మంది. కాలేజీ పిల్లలు యాభై. చేపల తట్టలు ఆరు.”

“ఇవన్నీ ఎక్కడ రాసుకున్నారు?”

“రాసుకోవడమేంటి సార్! రోజూ కళ్ల ముందు దాటేవాళ్లేగా.”

అతను నవ్వి వెళ్లబోయాడు. ఆమె గదిలోంచి తన స్టూలు తెచ్చి గేటు పక్కన వేసింది.

“రేపు పొద్దున ఐదింటికి వచ్చి దీని మీద కూర్చోండి. తొమ్మిదింటి దాకా కూర్చోండి. నేను అబద్ధం చెబితే మళ్లీ నా మొహం చూడొద్దు.” గొంతు తగ్గించి చెప్పింది. “మా అమ్మాయి స్టెల్లా నర్సింగులో చేరింది సార్. ఎనిమిదింటికి క్లాసు. మొదటి బస్సు ఏడూ ఇరవైకి. అది కూడా నిండిపోయి ఆగకుండా పోయేది. హాజరు చాలక ఏడాది తిరక్కుండానే మానేసింది. ఇప్పుడు గుడివాడలో బట్టల కొట్లో చేస్తోంది. దానికి చదువు రాక కాదు. బండి లేక.”

జోయెల్ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగు రోజులు ఆ స్టూలు మీద కూర్చుని లెక్క వేశాడు. నూట డెబ్బై ఒకటి, నూట అరవై ఎనిమిది, నూట డెబ్బై నాలుగు, నూట అరవై తొమ్మిది. ఆ కాగితాలు పట్టుకుని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి స్టాపు గేటు దగ్గరికి మారింది. కానీ ఒక షరతు పెట్టారు. మొదటి వారం జనం రాకపోతే బండి ఆగడం ఆపేస్తారు.

ఐదూ యాభై అయింది. ప్లాట్‌ఫారం మీద ఏడుగురున్నారు.

“ఏంటమ్మా ఇది?” జోయెల్ గేటు దగ్గరికి వచ్చాడు.

“వస్తారు సార్.”

రోడ్డు పక్కన కోటి ఆటో నిలబెట్టుకుని రోజూలాగే కేకలేస్తున్నాడు. “బెంజి సర్కిల్, బెంజి సర్కిల్! ఇంకో ఇద్దరు!” ఆటోలో నలుగురు కూర్చుని ఉన్నారు. శౌరమ్మని చూసి నవ్వాడు. “అక్కా, నీ రైలు ఖాళీగానే పోయేట్టుంది.”

ఆరింటికి పన్నెండు మంది. శౌరమ్మ ఊరివైపు చూసింది. వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ షాపులో చేసే ఉష రాలేదు. చేపల తట్ట పెద్దింట్లమ్మ రాలేదు. జ్వరం వచ్చినా ఒక్క పూట మానని మనుషులు వాళ్లు. మూడేళ్లుగా తను చెప్పింది నమ్మి ఆ కుర్రాడు తిరిగాడు. ఇంకా నమ్ముతూనే ప్లాట్‌ఫారం చివర్న నిలబడ్డాడు.

అప్పుడు కట్ట అవతల, కొత్త దారి వైపు, గొడుగుల కొసలు కనిపించాయి. ఒకటి రెండు కాదు.

“కోటీ! ఆ కింది దారి దగ్గర ఏంటి, చూసొచ్చావా ఇందాక?”

“నడుం దాకా నీళ్లక్కా. వాననీళ్లన్నీ అందులోకే దిగినయ్. ఊరంతా అవతలే నిలబడ్డారు. గేటు ఇవాళ్టి నుంచి మూసేస్తారని నిన్న మైకులో చెప్పారుగా!”

“మూసేది మధ్యాహ్నంరా నాయనా! గేటు తెరిచే ఉంది కదా!” ఆమె గేటు వదిలి కదలకూడదు. పరుగెత్తి చెప్పడానికి వీల్లేదు. “నువ్వు వెళ్లి చెప్పు. అందర్నీ గేటు మీదుగా రమ్మను. ముసలాళ్లని ఆటోలో ఎక్కించుకుని రా.”

కోటి ఆటోలో ఉన్న నలుగుర్నీ చూశాడు, ప్లాట్‌ఫారాన్నీ చూశాడు. రైలు నిండితే తన ఆటో నిండదని వాడికి తెలియక కాదు. ఒక్క క్షణం హ్యాండిలు మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“దిగండమ్మా, దిగండి. రైలెక్కండి ఇవాళ్టికి,” అని ఆ నలుగుర్నీ దింపి, హారన్ మోగిస్తూ గేటు దాటి ఊరివైపు దూసుకుపోయాడు.

ఆరూ తొమ్మిదికి గదిలో ఫోను మోగింది. పక్క స్టేషన్ మాస్టరు తిరుపతిరావు. ఆమె గేటు మూసి, తన దగ్గరున్న కాగితంలోని రహస్య నంబరు చెబితేనే అక్కడ బండికి సిగ్నలు పడుతుంది.

“శౌరమ్మగారూ, లోకల్ వచ్చేసింది. గేటెయ్యండి.”

శౌరమ్మ తలుపులోంచి బయటికి చూసింది. కట్ట మీద నుంచి జనం వస్తున్నారు. చెప్పులు చేతుల్లో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తుకుని, టిఫిను క్యారేజీలు గుండెకి హత్తుకుని. గేటుకి ఇంకా వంద గజాల దూరంలో ఉన్నారు. ఇప్పుడు గేటేస్తే వాళ్లంతా అవతలే ఉండిపోతారు. లేదా కర్ర కింద దూరుతారు.

“నాలుగు నిమిషాలు ఆగండి సార్. నా గేట్లో మనుషులున్నారు.”

“మొదటి రోజండీ! బండి లేటైతే పైవాళ్లు నన్ను బతకనివ్వరు.”

“నా పేరు చెప్పండి. ఇరవై రెండేళ్లలో నా గేటు వల్ల ఒక్క బండీ ఆగలేదు. ఇవాళ ఆపుతున్నాను. మనుషులు దాటాక నంబరిస్తాను.”

అవతల తిరుపతిరావు ఆ మాటలు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

“సరే. దాటించండి.”

ఆమె ఫోను పెట్టేసి గేటు మధ్యలో నిలబడింది. “పరిగెత్తకండి! జారుతుంది! బండి మీకోసమే ఆగింది, నెమ్మదిగా రండి!” మొదట కోటి ఆటో దాటింది. అందులో ముగ్గురు ముసలాళ్లు, తట్ట ఒళ్లో పెట్టుకుని పెద్దింట్లమ్మ. వెనక ఉష, షాపు అమ్మాయిలు, యూనిఫాం ఆయాలు, పుస్తకాల సంచులు. ఆమె చెయ్యి ఊపుతూ, పెదాలు కదుపుతూ ఒక్కొక్కర్నీ లెక్కపెట్టింది. ఆఖరి మనిషి పట్టాలు దాటాక రెండు వైపులా చూసి వించి అందుకుంది. ముప్పై రెండు చుట్లు. భుజం నొప్పి తెలియలేదు.

ఆరూ పదహారుకి కొత్త బండి వచ్చి గరువుపాలెంలో ఆగింది. మెల్లగా, చప్పుడు లేకుండా, ప్లాట్‌ఫారం పొడవునా నిండుగా. తలుపులు తెరుచుకున్నాయి. శౌరమ్మ పచ్చజెండా పట్టుకుని నిటారుగా నిలబడింది. కిటికీల్లోంచి తెలిసిన మొహాలన్నీ ఆమెనే చూస్తున్నాయి. ఉష అరిచింది. “పెద్దమ్మా, కూర్చున్నాం! సీటు దొరికింది!”

బండి కదిలిపోయాక జోయెల్ పరుగున వచ్చాడు. “నూట ఎనభై రెండు,” అన్నాడు.

“ఎనభై మూడు సార్. ఆయా చంకలో పసిపిల్లని వదిలేశారు.”

అతను నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. కోటి ఖాళీ ఆటో తుడుచుకుంటూ, “రేపట్నుంచి ఊళ్లోంచి ఇక్కడికే వేస్తానక్కా బండి,” అన్నాడు. శౌరమ్మ లోపలికి వెళ్లి రిజిస్టరులో తన గుండ్రటి అక్షరాలతో రాసింది. ‘6.09 నుండి 6.13 వరకు గేటు మూయలేదు. జనము దాటుచున్నారు.’ కింద సంతకం పెట్టింది. గుడివాడ నుంచి స్టెల్లా ఫోను చేసి “వచ్చారా అమ్మా?” అంటే, “కూర్చోబెట్టి పంపించాను,” అంది.

మధ్యాహ్నం పన్నెండింటికి సెక్షన్ ఇంజనీరు పవన్‌కుమార్ తాళం, గొలుసు పట్టుకుని వచ్చాడు. రిజిస్టరు చదివాడు.

“ఈ నాలుగు నిమిషాలకి సంజాయిషీ రాయాలమ్మా.”

“రాశానుగా సార్, పక్కనే. జనము దాటుచున్నారు.”

అతను ఆ వాక్యం ఇంకోసారి చదివి, నవ్వాపుకుంటూ కింద సంతకం పెట్టాడు. గొలుసు తియ్యబోతే ఆమె అడ్డొచ్చింది.

“ఆ కింది దారిలో నీళ్లు తోడేదాకా తాళం పడదండీ. సాయంత్రం వాళ్లంతా దిగి ఇంటికెలా వెళ్తారు? నాకు రాత్రి పన్నెండు దాకా ఉద్యోగం ఉంది. నేనిక్కడే కూర్చుంటాను.”

పవన్‌కుమార్ ఆమెనీ, వంగిన ఆ భుజాన్నీ చూశాడు. ఫోను తీశాడు. గంటలో రెండు మోటార్లు వచ్చాయి. మూడున్నరకి కింది దారి అడుగున సిమెంటు కనిపించింది. శౌరమ్మ స్వయంగా ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి చూసి వచ్చింది. అప్పుడు వించిని ఆఖరిసారి తిప్పి, జెండాలు, ఫోను, రిజిస్టరు అప్పజెప్పింది. గొలుసు పడింది. ఆమె మెడలో పవన్‌కుమార్ వేసిన చేమంతి దండ ఒకటి. ఉపన్యాసాలేం లేవు.

సాయంత్రం ఐదూ నలభై బండిలో ఊరు ఊరంతా దిగింది. చీకటి పడకముందే ఇంటికి చేరుతున్నందుకు ఆడపిల్లలు పెద్దగా మాట్లాడుకుంటూ, కింది దారిలో గొంతులు మోగుతుంటే మళ్లీ మళ్లీ కేకలేసి నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్లు దిగగానే అదే తలుపులోంచి శౌరమ్మ చిన్న సంచీతో ఎక్కింది. అటువైపే గుడివాడ, స్టెల్లా ఇల్లు. ఇరవై రెండేళ్లలో తన గేటు దగ్గర తను బండెక్కడం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని, అలవాటుగా తల కాస్త వాల్చి, చక్రాల చప్పుడు ఈసారి లోపలి నుంచి విన్నది.

ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు నీడన, తడి ఇసుకలో శౌరమ్మ కుదురుగా నిలిపి వెళ్లిన కొత్త మంచినీళ్ల కుండ ఉంది. దాని మీద మూత, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు. కుండ ఒంటి నిండా చెమట పట్టి, చుక్కలు చుక్కలుగా ఇసుకలోకి జారుతోంది.