యాదగిరి వాటా నూనె

సబ్బు నురుగు కడిగేసుకుని యాదగిరి రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పల్లీల చట్నీ వాసన ఇంకా పోలేదు. మళ్లీ సబ్బు అందుకున్నాడు.

గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న భార్య బాలమణి తలెత్తకుండానే అంది.

"కొలువుల ఆఖరి దినం గూడ గట్లనే తోముకుంటవా? తోలు ఊడ్తది."

"ఆఖరి దినమని ఆక్సిజన్‌కు ఎర్కనా?"

"సాయంత్రం దానికి సలాం కొట్టి రా. నూనె కాచి పెడ్త."

నీలం నగర్‌లో మగ్గాల చప్పుడు అప్పుడే మొదలైంది. ఆ వాడలో మగవాళ్ల చేతులకు మగ్గం నూనె, తలలకు కొబ్బరినూనె. రెండూ అంటని మనిషి యాదగిరి ఒక్కడే. ఆసుపత్రులకు ఆక్సిజన్ సిలిండర్లు నింపే ప్లాంటులో కంప్రెసర్లు నడపడం అతని పని. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్లతో పని లేదు, దానంతటదే భగ్గుమంటుంది. పని నేర్పిన ఎల్లయ్య ఒకసారి నూనెగుడ్డతో వాల్వు తుడవబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అది కళ్లారా చూసిన నాటి నుంచి యాదగిరి తలకు నూనె పెట్టలేదు. రాత్రి పెట్టుకుని పొద్దున కడుక్కోవచ్చు కదా అంటే దిండుకు అంటదా, తువ్వాలకు అంటదా అనేవాడు. ఒక తల నూనె ఒకవైపు, పదిమంది ప్రాణాలు ఒకవైపు పెడితే తక్కెడ ఎటు మొగ్గుతుందో అతనికి తెలుసు.

బాలమణి లెక్క వేరు. ఇంట్లో మనిషికింత అని నూనె తీసినప్పుడు మొగుడి వాటా మిగిలిపోవడం ఆమెకు నష్టంగానే తోచేది. ఆదివారం పొద్దున కూతురు ఋతుజ తలకు నూనె పెట్టి, "ఇది నీ నాయిన వాటా" అని ఇంకో చెంచాడు పోసేది. ఆ పిల్ల జడ వాడ మొత్తంలో లావుగా పెరిగింది. పెళ్లయి అత్తవారి ఊరు కుంభారి వెళ్లిపోయాక ఆ వాటాకు తల లేకుండా పోయింది.

మధ్యాహ్నం ప్లాంటుకు నూనెల ఏజెంటు నిలేష్ వచ్చాడు. వాడలో పుట్టి పెరిగినవాడే. కొత్త డబ్బా బల్ల మీద పెట్టాడు.

"కాకా, ఏక్ నంబర్ మాల్. అన్ని మిషన్లకు ఇదొక్కటే చాలు. నువ్వు హో అంటే సేఠ్ కొంటడు."

యాదగిరి కాస్త గాజుగ్లాసులో వంచి వెలుతురుకు పట్టాడు.

"వేడికి మసి కడ్తదా?"

"కట్టదు."

"నీళ్లు కలిస్తే విడిపోతదా?"

"పాలు విరిగినట్టు విడిపోతది."

"అయితే గాలి కంప్రెసర్‌కు తీస్కుంటం. ఐస్ ఫ్యాక్టరీల అమ్మోనియా మిషన్‌కు మాత్రం అంటగట్టకు, దానికి చలికి గడ్డగట్టనిది గావాలె. ఇగ దీనికంటవా..." నేల మీది ఎర్రగీత చూపించాడు. గీత అవతల ఆక్సిజన్ కంప్రెసర్ నూనె బదులు గ్లిజరిన్ కలిపిన నీళ్లతోనే మెత్తగా తిరుగుతోంది. "డబ్బా గీత దాటొద్దు. నువ్వు గూడ దాటకు, నీ నెత్తి మీద పావుసేరున్నది."

నిలేష్ జుట్టు సవరించుకుని నవ్వాడు. "అన్ని మిషన్లకు నూనె ఏరినవ్ కాకా, నీ నెత్తికే ఏరలే."

ఆ మాట యాదగిరిని సాయంత్రం దాకా వదల్లేదు. తాళాలు అప్పజెప్పి, సేఠ్ కప్పిన శాలువా మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే ఛాతీని ఎవరో పిడికిలితో పట్టినట్టయింది. గోడకు ఆనుకున్నాడు. నిలేష్ బండి ఆపాడు.

"చెమటలు పడ్తున్నయ్ కాకా. దవాఖానకు పోదాం, ఎక్కు."

యాదగిరి ఆలోచించాడు. దవాఖాన అంటే ఈ రాత్రి అక్కడే. నూనె మళ్లీ ఎన్నాళ్లకో. బతుకంతా సరిగ్గా తూచినవాడు ఆ ఒక్కసారి తక్కెడను కాస్త తన వైపు మొగ్గనిచ్చాడు.

"రేపు పోదాం. ఇయ్యాల మీ చిన్నమ్మ నూనె కాచి కూసుంటది. ఇంటికాడ దించు."

బాలమణి పీట వేసి, ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని నూనెతో సిద్ధంగా ఉంది. ఆమె మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. మాడున మొదటి చుక్క పడగానే అతని భుజాలు రెండూ కిందికి జారాయి.

"చూడు, నెత్తి పోసింది పోసినట్టే తాగుతున్నది."

"అంతా ఇయ్యాలనే పొయ్యకు."

"పోస్తనా? సగం రేపటికి ఆపిన."

"చెయ్యి మాత్రం తియ్యకు," అన్నాడు యాదగిరి.

ఆమె తియ్యలేదు. కొంతసేపటికి తల ఆమె మోకాలి మీదికి బరువుగా ఒరిగింది. ఏనాడూ పొద్దు ఉండగా కన్ను మూయని మనిషి కదా, పడుకోనీ అనుకుంది. వీధిలో దీపాలు వెలిగినా, కాలు తిమ్మిరెక్కినా కదలలేదు. అన్నానికి లేపుదామని చెంప తట్టినప్పుడు చేతికి చల్లగా తగిలింది.

తెల్లవారి కుంభారి నుంచి ఋతుజ వచ్చేసరికి పీట పక్కన ఇత్తడి గిన్నె అలాగే ఉంది. రేపటికని ఆపిన సగం నూనె రాత్రి చలికి అందులో తెల్లగా, నున్నగా, ఒక్క వేలిగుర్తయినా లేకుండా గడ్డకట్టుకుని ఉంది.