గేటు ముందు బిందెలు

పెద్దారవీడు పక్కన ఆ ఊళ్లో బోరు ఎండిపోయిన వారానికే విశ్వవిద్యాలయం వాళ్లు నీటి పొదుపు మీద శిక్షణ పెట్టారు. చుక్క నీళ్లు లేని ఆడవాళ్లను కూర్చోబెట్టి, నీళ్లు ఎలా దాచుకోవాలో తెరమీద బొమ్మలు చూపించారు. ఊరి పక్కనే వాళ్లు కట్టిన కేంద్రం కంచె లోపల మాత్రం లోతు బోర్లు ఆగకుండా నీళ్లు తోడుతూనే ఉన్నాయి. పేరుకు అది ఆహార, నీటి పరిశోధన కేంద్రం. అది వచ్చాకే ఊరికి దాహం వచ్చింది.

పుష్పమ్మ ఆ కేంద్రంలోనే ఊడ్చే పని చేస్తుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మొగుడి కాళ్లు వంకరపోయాయి. ఇంటికి ఆమె జీతమే దిక్కు. అందుకే, కేంద్రం బోరు ఒకటి ఊరికి ఇచ్చేదాకా గేటు దారికి అడ్డంగా బిందెలు పెడదామని ఆడవాళ్లు మీటింగులో అనుకున్నప్పుడు ఆమె వెనక్కి జరిగి కూర్చుంది. పోలీసులొస్తే ఎట్లా అని చాలామంది గొణిగారు. మిషను కుట్టే షరీఫాబీ లేచింది.

"భయమైతే ఇంటికాడనే ఉండండి. బిందె పెట్టిపోండి చాలు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే గదా మనకు."

ట్యాంకరు దగ్గర ఊరి కట్టుబాటు అదే. వరసలో పెట్టిన బిందెను ఎవరూ కదపరు. మర్నాడు పనికి పోతూ పుష్పమ్మ ఎవరూ చూడకుండా తన స్టీలు బిందె వరసలో పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయి చీపురు పట్టుకుంది.

కేంద్రం అధికారి మోహన్‌కృష్ణ ఫోను చేస్తే ఎస్సై దిగాడు. ఆడవాళ్లు రోడ్డవతల వేపచెట్ల కింద గుంపుగా నిలబడ్డారు. దగ్గరికి రావడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. ఎస్సై ఒక బిందె ఎత్తి, మూతి మీద చెక్కిన పేరు చదివి నవ్వాడు. పేర్లు వీళ్లే చెక్కించి ఇచ్చారు, కేసు పెట్టడానికి ఇంకేం కావాలన్నాడు. ఆ బిందె మీద వెంకాయమ్మ అని ఉంది. ఆమెను పట్టుకురమ్మని కానిస్టేబుల్‌ను పంపాడు.

పట్నంనుంచి వచ్చిన ఆ ఎస్సైకి ఏం తెలుసు? మన దగ్గర బిందె మీద ఉండేది దాన్ని కానుకగా చదివించినవాళ్ల పేరు. పుష్పమ్మ కూతురు పెద్దమనిషైనప్పుడు పొరుగింటి వెంకాయమ్మ చదివించిన బిందె అది. లోపల పుష్పమ్మ చీపురు పట్టుకునే గేటు దాకా వచ్చింది.

నడుము వంగిన ముసలిదాన్ని కానిస్టేబుల్ రెక్క పట్టుకుని నడిపించుకొచ్చాడు. వెంకాయమ్మ బిందెను చూసింది. గేటు కమ్ముల్లోంచి పుష్పమ్మను చూసింది. తల దించుకుంది. ఇది నీదేనా అని ఎస్సై గద్దించాడు.

"పేరు నాదే నాయనా."

జీపెక్కమంటే ఆమె కాలు మెట్టు అందక జారింది.

నోరు తెరిస్తే పుష్పమ్మకు పని పోతుంది, కేసు పడుతుంది, మొగుడికి మందులు ఆగిపోతాయి. తెరవకపోతే తన బిందె మూలాన ఆ ముసలి ప్రాణం స్టేషన్లో మగ్గుతుంది. చీపురు ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. గేటు దాటి వచ్చింది.

"అది నా బిందె సార్. అవ్వ నాకు పెట్టింది. వరసలో పెట్టినది నేను."

రేపటినుంచి పనికి రావద్దన్నాడు మోహన్‌కృష్ణ.

"ఊరికి నీళ్లియ్యండి సార్. రానులే."

ఎస్సై వెంకాయమ్మను వదిలి పుష్పమ్మను జీపెక్కించాడు. బిందెలన్నీ సాక్ష్యమంటూ వ్యానులో వేయించాడు. సర్కారు బిందెలను కూడా అరెస్టు చేస్తుందని ఊరు ఆరోజే చూసింది. దారి తెరుచుకున్నాక, అధికారి చేత ఫిర్యాదు రాయించుకోవడానికి ఎస్సై పుష్పమ్మతో సహా జీపును కేంద్రం లోపలికి పోనిచ్చాడు.

జీపు తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి, పుష్పమ్మ తలెత్తి చూసింది. షరీఫాబీ తన బిందె ఉన్నచోట మట్టిలో కూర్చుని ఉంది. ఆమె పక్కన, పుష్పమ్మ బిందె ఉన్నచోట వెంకాయమ్మ. చెట్ల కిందనుంచి మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరి ముఖంలోనూ ధైర్యమేమీ లేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకునే వచ్చి, ఎవరి బిందె ఉన్నచోట వాళ్లు కూర్చుంటున్నారు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.